నాలుగు లైన్ల అవతల నీళ్ళు

బస్సు ఇంకా రాలేదు. మూడో వీధి గేటు దగ్గర గూడ్సు బండి ఆగిపోయిందట, దాని వెనక ఐదో తరగతి పిల్లల బస్సు చిక్కుకుందట, వాళ్ళ టీచరు ఫోన్ చేసి చెప్పింది. పదకొండింటికి ఆ పిల్లలకి నా పుస్తకం చదివి వినిపించాలి, అది ఇక ఎప్పుడు మొదలవుతుందో ఆ బండి నడిపేవాడికి కూడా తెలియదు. నా ఎదురుగా ముప్ఫై రెండు చిన్న కుర్చీలు ఖాళీగా ఉన్నాయి. కాదు, ముప్ఫై ఒకటి. ముందు వరసలో కుడి చివర, పదేళ్ళ పిల్లల కోసం చేసిన కుర్చీలో మా చాయో పిన్ని కూర్చుని ఉంది. తొంభై ఏళ్ళ మనిషి, నీలం కోటుకి మెడదాకా బొత్తాలు పెట్టుకుని, ఒళ్ళో చేతిసంచి, దాని మీద రెండు చేతులూ పెట్టుకుని, నన్ను కాకుండా నా వెనక గోడ మీది పాత గడియారాన్ని చూస్తోంది. పెద్ద కుర్చీ తెచ్చి వేయనా అని అడిగాను. వద్దంది. ఐదు నెలల తర్వాత ఎదురుపడి నాతో అన్న మొదటి మాట అదే, వద్దు. నిన్న సాయంత్రం ఫోన్‌లో కూడా అంతే, రేపు ఎన్నింటికి అని అడిగి, పదకొండు అనగానే పెట్టేసింది. నేను ఫోన్ పట్టుకుని వంటింట్లో అలాగే నిలబడిపోయాను, పెనం మీద రొట్టె మాడిందాకా.

బల్ల మీద పుస్తకాలు ఇప్పటికి మూడుసార్లు సర్దాను. పిల్లల కోసం నేను రాసిన నవల, త్రీనీ ఉత్తరం. అట్ట మీద పసుపు రంగు గూడ్సు పెట్టె, దాని తలుపులో రెండు జడల పిల్ల, చేతిలో మడిచిన కాగితం. పక్కన ఇంజను బొమ్మల స్టిక్కర్లు, పేజీల్లో పెట్టుకునే రంగు అట్టముక్కలు, చెక్కతో చేసిన రైలు ఈల. ఇంజను డ్రైవర్లు పెట్టుకునే చారల టోపీ కూడా ఉంది, ప్రచురణ సంస్థలో ప్రచారం చూసే అమ్మాయి పంపింది, అది పెట్టుకుని వెళ్ళండి మేడమ్, పిల్లలకి టోపీలంటే ఇష్టం అంది. ముప్ఫై ఒక్క బడుల్లో పెట్టుకున్నాను ఆ టోపీ. ఇవాళ మాత్రం సంచిలోంచి తీసి, పిన్నిని చూసి, మళ్ళీ బల్ల కిందికి తోసేశాను. రైలు పని చేసినవాళ్ళ కూతురు ముందు అరవై ఆరేళ్ళ ముసలిదాన్ని రైలు వేషం ఎలా కడతాను. బడుల్లో పిల్లలు మొదట అడిగేది ఒకటే ప్రశ్న, కాన్సాస్‌లో ఏ మూలకి వెళ్ళినా అదే, ఆ గూడ్సు పెట్టెల్లో కాపురం ఉండేవాళ్ళు దొడ్డికి ఎక్కడికి వెళ్ళేవారు అని. ముప్ఫై ఏళ్ళు బడి లైబ్రరీలో పనిచేసినదాన్ని, ఆ ప్రశ్న వచ్చిందాకా పిల్లలు పుస్తకంలోకి అడుగు పెట్టినట్టు కాదని నాకు తెలుసు. జవాబు చెప్పాక, పొద్దుతిరుగుడు మొక్కల వెనకున్న రెండు గుంతల సంగతి విని వాళ్ళు పడీపడీ నవ్వాక, అప్పుడు చెవులు తెరుచుకుంటాయి.

వెర్లిన్ స్టకీ కిటికీ దగ్గర నిలబడి, కళ్ళకు చెయ్యి అడ్డం పెట్టుకుని, ఆగిపోయిన బండికి ఇక్కణ్ణించి కనిపించే పెట్టెల్ని లెక్కపెడుతున్నాడు. ఈ పాత స్టేషన్ను మ్యూజియంగా నిలబెట్టింది అతనే. జీవితమంతా గోధుమ పండించాడు, రైల్లో ఒక్కరోజు పనిచెయ్యలేదు, కానీ మా హాల్బర్ట్ ఊరి మీదుగా పోయిన ప్రతి ఇంజను నంబరూ నోటికి చెప్తాడు. పుస్తకం వచ్చిన నెలలోనే నాకు మూడు పేజీల ఉత్తరం రాశాడు. నలభై రెండో పేజీలో నేను పెట్టిన ఇంజను 1936లో ఈ శాఖ లైను మీద నడిచి ఉండటానికి వీల్లేదట, వాగు మీది వంతెన దాని బరువు మోయదట. రెండో ముద్రణలో మార్చాను. ఇక చూడాలి అతని సంబరం. ఊళ్ళో క్షౌరశాలలో, దాణా కొట్లో, చర్చి గుమ్మంలో నా పుస్తకం అట్ట అంటించింది అతనే, ఈ తరగతి పిల్లలందరికీ తలో పుస్తకం ముందే పంచిపెట్టిందీ అతనే. ఇంజను సరిగ్గా ఉంటే పుస్తకంలో మిగతాదంతా సరిగ్గా ఉన్నట్టేనని అతని నమ్మకం. నాకూ అలాగే అనిపించేది, మొన్న డిసెంబరు దాకా. డిసెంబరులో ఎర్ర కాగితం చుట్టి మొదటి ప్రతి పిన్నికి ఇచ్చాను. మూడు రోజులకి ఫోన్ చేసి, చదివాను, అంది. నేను ఇంకేదో అంటుందని ఎదురుచూశాను. అవతల ఫోన్ పెట్టేసిన చప్పుడు.

ఎందుకో నాకు తెలుసు. తెలుసనే అనుకుంటున్నాను. నిజంగా ఆ ఉత్తరం రాసింది పిన్ని, పుస్తకంలో రాసింది త్రీనీ. త్రీనీకి మా అమ్మ జడలు పెట్టాను, మా అమ్మ నోరు పెట్టాను, మొదటి పేజీలో మా అమ్మ రెఫూహియోకి అని అంకితం కూడా రాశాను, తీరా త్రీనీ చేసిన పనేమో పిన్నిది. నేను టేపు పెట్టుకుని కూర్చున్నప్పుడు పిన్నే అంది, ఏమైనా రాసుకో, నా పేరు మాత్రం పెట్టకు అని. మొహమాటం అనుకున్నాను. మొహమాటపడేవాళ్ళు కూడా లోపల్లోపల కోరుకుంటారు కదా, అంతమాత్రం తెలియదా నాకు, ఇన్ని కథలు చదివినదాన్ని. ఐదు నెలలుగా కారు నడుపుతూ, బడులకి పోతూ, క్షమాపణ ఎలా చెప్పాలో పైకే చెప్పి చూసుకుంటున్నాను. పిన్నీ, మూడో ముద్రణలో మొదటి పేజీ మారుస్తాను, చాయో అని కాదు, నీ పూర్తి పేరుతో, రొసారియో అర్రెదోందోకి అని పెద్ద అక్షరాలతో వేయిస్తాను. బాగాలేదు. పిన్నీ, నాకు బుద్ధి లేదు. ఇది కాస్త నయం.

యార్డు అవతల ఏడు గూడ్సు పెట్టెలు ఉండేవి, చక్రాలు తీసేసి పాత స్లీపరు దుంగల మీద కూర్చోబెట్టినవి, మెక్సికో నుంచి వచ్చిన రైలు కూలీలకి అవే ఇళ్ళు. నేను పుట్టేసరికి మూడే మిగిలాయి. ఒక్కో దాంట్లో రెండేసి కుటుంబాలు, నడుమ దుప్పటి. మా తాత కాందెలారియోది ఏడోది. గ్యాంగు కూలీ, కంకర ఎత్తడం, స్లీపర్లు మార్చడం, మైళ్ళకొద్దీ పట్టా పక్కన నడవడం, ఇంటికొచ్చాక కూడా అడుగులు స్లీపరుకీ స్లీపరుకీ మధ్య దూరమే వేసేవాడు. ఆడవాళ్ళు లోపల సున్నం కొట్టి, పందికొవ్వు డబ్బాల్లో జెరేనియం మొక్కలు పెంచి, వాటిని ఇళ్ళు చేశారు. ఒక్కటే లేదు. నీళ్ళు. ఇంజన్లకి నీళ్ళు పట్టే పెద్ద తొట్టి నాలుగు లైన్ల అవతల ఉండేది, గూడ్సు బండి అడ్డం నిలబడితే, రోజూ నిలబడేది, దాని కింద నుంచి దూరి వెళ్ళాలి, నిండు బకెట్లతో మళ్ళీ దూరి రావాలి. బండి కదిలే ముందు ఇంజను వైపు నుంచి పెట్టె పెట్టెకీ తగులుకుంటూ ఒక చప్పుడు పరిగెత్తుకొస్తుంది, అది వినిపిస్తే కదలకుండా పడుకోమని పిల్లలకి నడక వచ్చిన రోజునే నేర్పేవారు. ముప్ఫై ఆరు నవంబరులో మా అమ్మమ్మ యులాలియాకి గాలి హోరులో ఆ చప్పుడు వినబడలేదు. ఎడమ చేతి రెండు వేళ్ళు పోయాయి. నాకు ఆ చెయ్యి ఎప్పుడూ వింతగా కనబడలేదు, మొక్కజొన్న రొట్టె మీద మూడు వేళ్ళ గుర్తులే ఉంటాయనుకునేదాన్ని, స్నేహితురాలి ఇంట్లో ఐదు గుర్తులున్న రొట్టె చూసి, ఇదేం రొట్టె అని అడిగానట. వాళ్ళమ్మ ఆ మాట మా అమ్మకి చెప్పి ఏడ్చిందట.

ఇక ఉత్తరం. పెళ్ళి కానీ, నామకరణం కానీ, రెండో విడత భోజనాలు అయ్యాక ఆ కథ చెప్పడానికి మా అమ్మ లేచి నిలబడేది. తొమ్మిదేళ్ళ చాయో, బడిలో మెక్సికన్ పిల్లల గదిలో అందరికంటే మంచి దస్తూరి, లెక్కల పుస్తకంలోంచి పేజీ చింపి రైలు కంపెనీ పైదొరకి ఇంగ్లీషులో రాసిందట, అయ్యా, మీ నీళ్ళ కోసం మా అమ్మ రెండు వేళ్ళు పోగొట్టుకుంది, మిగతా ఎనిమిదీ మాకు కావాలి, దయచేసి లైన్లకి ఇవతల ఒక కొళాయి పెట్టించండి అని. తాత ఆ కాగితం టోపీలో పెట్టుకుని సోమవారం పొద్దున్నే దొరగారి ఆఫీసు పెట్టె ముందుకి వెళ్ళి, టోపీ తీసి, ఇచ్చాడట. వసంతంలో కొళాయి వచ్చింది. అమ్మ తాత గొంతు పెట్టి చెప్తుంటే అందరూ చప్పట్లు కొట్టేవారు, పిన్ని కోసం వెనక్కి తిరిగి చూస్తే కుర్చీ ఖాళీగా ఉండేది, వంటింట్లోంచి పళ్ళేలు కడుగుతున్న చప్పుడు. సిగ్గు అనుకునేవాళ్ళం. అంతటి మనిషికి సిగ్గేమిటి అని ఒక్కరం అనుకోలేదు. ఎందుకంటే పిన్ని టైపు నేర్చుకుంది, ధాన్యం కొనేవాళ్ళ ఆఫీసులో గుమస్తా అయింది, సాయంత్రాలు ఆమె వంటింటి బల్ల దగ్గర సగం పేట కూర్చునేది. రైలు పనిలో పోయినవాడి పెన్షను, సరిహద్దు దగ్గర ఆగిపోయిన పెళ్ళాం కాగితాలు, సైన్యంలో కొడుకు జాడ, బడిలో వెనక బెంచీ గొడవ. టైపు మిషను టకటక, పిన్ని కళ్ళజోడు పైనుంచి చూపు, ఎదుటి మనిషి ఏడుస్తుంటే ఆపి, పేరు సరిగ్గా చెప్పు, అక్షరం తప్పు పోతే వాళ్ళకి అదే సాకు, అనడం. ఒకసారి ఎవరో, ఇవన్నీ ఎందుకు పెట్టుకుంటావు అంటే, నా మొదటి ఉత్తరానికే కొళాయి వచ్చింది, అంది. అప్పుడు నాకు ఏడెనిమిదేళ్ళు, ఆ బల్ల కింద కూర్చుని ఉన్నాను. అలా అనడం ఆ తర్వాత ఎప్పుడూ వినలేదు. ఇప్పుడు ఆలోచిస్తే నిజంగానే ఎప్పుడూ వినలేదు.

రిటైరయ్యాక ఐదేళ్ళు రాశాను, ఏడుసార్లు తిరగరాశాను. సంపాదకురాలికి మొదట్లో త్రీనీ ఒక రైలును ఆపాలని ఉండేది, ముందు పట్టా విరిగి ఉంటుంది, పిల్ల పరిగెత్తి చెయ్యి ఊపుతుంది, వందమంది బతుకుతారు. మా వాళ్ళు రైళ్ళు ఆపేవాళ్ళు కాదమ్మా, ఆగకుండా చూసేవాళ్ళు, అన్నాను. ఆమె నవ్వి ఒప్పుకుంది. కానీ పద్నాలుగో అధ్యాయం దగ్గర మాత్రం వదల్లేదు, తండ్రి ఇంకొంచెం గట్టిగా నిలబడాలి, పిల్లలకి ధైర్యం కళ్ళకి కనబడాలి అంది. అప్పుడు రాశాను ఆ మాట, తాత నోట్లో పెట్టాను. అయ్యా, ఇది నా కూతురు రాసింది, మీరు చదివిందాకా నేనిక్కడే నిలబడతాను. ఏ బడిలోనైనా ఆ వాక్యం దగ్గర సూది పడితే వినిపిస్తుంది, టీచర్లు కళ్ళు తుడుచుకుంటారు. నాకు పదేళ్ళప్పుడు తాత పోయాడు. నాకు గుర్తున్న తాత, టై కట్టుకున్నవాడు గుమ్మంలోకి వస్తే కుర్చీలోంచి లేచి నిలబడేవాడు. బీమా ఏజెంటుకి లేచేవాడు. మా బడి టీచరుకి లేచాడు, ఆమెకి ఇరవై రెండేళ్ళు. అది తెలిసీ రాశాను. తెలుసు కాబట్టే రాశానేమో, ఒక్కసారైనా ఆయన్ని అలా నిలబెట్టి చూద్దామని.

"నూట పన్నెండు," అన్నాడు వెర్లిన్ కిటికీ దగ్గర్నించి. "ఇక్కడికి కనబడినవే. ఇంకా వంపు అవతల ఉన్నాయి."

"మా అమ్మైతే ఈపాటికి కిందనించి దూరి రెండు ట్రిప్పులు వేసేసేది," అంది పిన్ని.

నవ్వాలో వద్దో తెలియక వెర్లిన్ నన్ను చూశాడు. పిన్ని గది నాలుగు మూలలూ నెమ్మదిగా చూసింది, టికెట్ల కిటికీ, పొడుగు బెంచీలు, నున్నగా తుడిచిన నేల. తను చిన్నప్పుడు నాన్నకి అన్నం డబ్బా తెచ్చి వెనక సామాన్ల తలుపు దగ్గర ఇచ్చి పోయేదాన్నని, తమవాళ్ళని లోపలికి రానిచ్చేవారు కాదని, ఈ గదిలో కూర్చోవడం ఇదే మొదటిసారని, కుర్చీ మాత్రం పదేళ్ళ పిల్లదే దొరికిందని చెప్పింది. మామూలుగా చెప్పింది, వాన వచ్చేలా ఉంది అన్నట్టు. ఇదే సమయం అనుకుని నేను వెళ్ళి ఆ పక్క చిన్న కుర్చీలో మోకాళ్ళు గడ్డానికి తగిలేలా కూర్చున్నాను. పిన్నీ, నీ పేరు పెట్టకపోవడం, అని మొదలుపెట్టానో లేదో, సంచి మీది చెయ్యి ఒకటి ఎత్తి ఆపేసింది.

"పేరు గొడవ కాదే ఒఫీ. నా పేరు నాకుంది. ఇవాళ ఏం చదువుతావు?"

"పద్నాలుగోది."

"ఊ," అంది, మళ్ళీ గడియారం వైపు తిరిగింది.

పేరు గొడవ కాదు. మరేమిటి. ఐదు నెలల క్షమాపణలూ చేతిలో పట్టుకుని, ఎవరికివ్వాలో తెలియని దానిలా ఆ కుర్చీలోనే ఉండిపోయాను. అమ్మమ్మ చెయ్యి అలా అందరి ముందూ పెట్టడం నచ్చలేదా. ఆ గుంతల సంగతా. గ్యాంగు మేస్త్రి పేరు మార్చడమా. ఎక్కడో తప్పు చేశాను, ఇంజను కన్నా పెద్దది, వెర్లిన్‌కి దొరకనిది. అప్పుడు వినబడింది ఆ చప్పుడు, గేటు వైపు నుంచి, పెట్టె పెట్టెకీ తగులుతూ గోడల్ని కదిలిస్తూ మమ్మల్ని దాటి పోయింది. పిన్ని చేతులు సంచి మీద బిగుసుకున్నాయి. ఎనభై ఏళ్ళయింది, ఇంకా బిగుసుకుంటున్నాయి. బండి పూర్తిగా వెళ్ళిందాకా వదులు కాలేదు.

తర్వాత అంతా పిల్లలే. బస్సు దిగీ దిగకముందే గది నిండిపోయింది, వేరుశనగ వెన్న వాసన, తడి బూట్లు, ఈల ఎవరు ఊదాలని తగువు. ముందు వరసలో ముసలావిడ కూర్చుని ఉండటం చూసి కాసేపు తటపటాయించి, చివరికి కళ్ళజోడు పిల్ల ఒకతి పక్కన కూర్చుంది. ఇట్సెల్ అని చొక్కాకి అంటించుకున్న కాగితం మీద ఉంది. దొడ్డి ప్రశ్న వచ్చింది. నవ్వులు అయ్యాయి. పుస్తకం తెరిచాను. ముప్ఫై ఒక్కసార్లు చదివిన పేజీ, కళ్ళు మూసుకున్నా వస్తుంది, కానీ ఇవాళ ప్రతి వాక్యానికీ ముందు చిన్న గుంట ఉన్నట్టు కాలు తడబడుతోంది. తాత నడుస్తున్నాడు, మంచు, దొరగారి పెట్టె మెట్లు, టోపీ తీశాడు. పిన్ని నన్ను చూస్తోంది, ఇప్పుడు గడియారాన్ని కాదు. మీరు చదివిందాకా నేనిక్కడే నిలబడతాను. పిన్ని పెదవులు ఆ మాటతో పాటు కదిలాయి. ఆ పేజీ ఆమెకి కంఠతా వచ్చు. కోపం వచ్చిన పుస్తకాన్ని ఎవరు కంఠతా పడతారు. చివరి పేరా ఎలా పూర్తి చేశానో తెలియదు. ప్రశ్నలున్నాయా అని అడిగాను. ఇరవై చేతులు లేచాయి. ఇట్సెల్ పక్కన నీలం కోటు చెయ్యి కూడా, మోచెయ్యి నిటారుగా, బడి పిల్ల ఎత్తినట్టు లేచింది. పిల్లలు కిలకిలలాడారు.

చెప్పు పిన్నీ, అన్నాను, వేరే గతి లేక. ఆమె లేచి నిలబడింది. ఉత్తరం రాసిన పిల్ల తనేనని చెప్పింది. పిల్లలు ఆమెనీ, అట్ట మీది జడల పిల్లనీ మార్చి మార్చి చూశారు. ఆ తర్వాత, ఒక్కో మాటా అక్షరం తప్పు పోకూడదన్నట్టు, పిల్లలతో కాదు, నాతో అంది.

"మా నాన్న ఆ ఉత్తరం ఇవ్వలేదు."

నాన్న భయపడ్డాడు. మూడో పెట్టెలో ఉండే కుటుంబం, కప్పు కారుతోందని అడిగిన పాపానికి, వారంలోగా సామాన్లతో సహా మెక్సికో సరిహద్దుకి పోయే బండి ఎక్కాల్సి వచ్చింది. ఏడు పెట్టెల్లో అందరికీ ఆ సంగతి తెలుసు, కాగితం మీద పేరు పడితే ఏమవుతుందో తెలుసు. చాయో రోజూ అడిగేది, ఇచ్చావా అని. ఇచ్చానమ్మా, అనేవాడు. తొట్టి దగ్గర పంపు చూసే స్వీడన్ మనిషి, నెల్స్ లిండ్, అమ్మ చెయ్యి చూసినవాడు, ఒకరోజు నాన్న దగ్గరికొచ్చి, షెడ్డు వెనక ఎవరూ లెక్కపెట్టని పాత బాయిలరు గొట్టాలున్నాయని, నాలుగు లైన్ల కింద నుంచీ వాన నీళ్ళు పోయే తూము ఉందని, తనేమీ చెప్పలేదని చెప్పి వెళ్ళిపోయాడట. మూడు ఆదివారాలు. దొరలూ మేస్త్రీలూ వాళ్ళ చర్చిల్లో ఉండే వేళ, ఏడుగురు మగవాళ్ళు తూములోకి బోర్లా పడుకుని పాకి, పూడిన మట్టి తవ్వుతూ గొట్టాలు వేశారు, అందరికంటే పొట్టివాడు కాబట్టి నాన్న ముందు, పైన రైళ్ళు పోతూనే ఉన్నాయి. చాయో కాఫీ మోసింది. నీ ఉత్తరం అందిందమ్మా, అందుకే తవ్వుతున్నాం, అన్నాడు నాన్న. మూడో ఆదివారం పూజకి మగవాడు ఒక్కడూ రాలేదేమని ఫాదరు మండిపడుతూ పెట్టెల దాకా వచ్చి, మొదటి గ్లాసు నీళ్ళు ఆయనే తాగి, తిట్టడం మరిచిపోయి దీవించి వెళ్ళాడు. మరో ఆరు నెలలకి కంపెనీ మనిషి ఒకడు వచ్చి కొళాయిని చూసి, ఎవరు వెయ్యమన్నారో తెలియక, దానికి నంబరు బిళ్ళ తగిలించి కంపెనీ ఆస్తి అని రాసుకుపోయాడు. వెర్లిన్ ఆపుకోలేక, గొట్టం రెండంగుళాలదా, రెండుంపావుదా అని అడిగాడు. పిన్ని వేళ్ళతో చూపించింది. రెండుంపావు, అన్నాడు అతను పరవశంగా.

"అరవై ఒకటిలో నాన్న పోయాడు," అంది పిన్ని. "టోపీ తుడుస్తుంటే లోపలి పట్టీ వెనక దొరికింది. లెక్కల పుస్తకం పేజీ, ఎనిమిది మడతలు. ఇరవై ఐదేళ్ళలో మూడు టోపీలు మార్చాడాయన. పాత టోపీ పారేసిన ప్రతిసారీ దాన్ని తీసి కొత్తదాంట్లో పెట్టుకున్నాడన్నమాట."

మా అక్కకి చెప్పలేదు, అంది. మా అక్క నాన్నని అలా చెప్పుకోవడం నాకూ బాగుండేది, వినలేక లేచిపోయేదాన్ని కానీ బాగుండేది. అక్క అంటే మా అమ్మ. పళ్ళేలు కడిగిన చప్పుడు, యాభై ఏళ్ళ పళ్ళేలు. ముప్ఫై ఒక్క బడుల్లో పిల్లలకి నేను ఒక పొడుగాటి మనిషిని చూపించాను, అసలు మనిషేమో తూములో బోర్లా పడుకుని ఉన్నాడు, తల మీద నాలుగు లైన్లు, నోట్లో మట్టి. వేలికి ఒక పెద్ద అచ్చుతప్పు తగిలినట్టుంది, కానీ సిగ్గుగా లేదు, విచిత్రంగా తాత మొదటిసారి నాకు నచ్చుతున్నాడు, టీచరుకి లేచి నిలబడ్డ తాత, నేను దిద్దాలనుకున్న తాత.

ఇట్సెల్ చెయ్యి ఎత్తింది. ఆ ఉత్తరం ఇప్పుడెక్కడుందని అడిగింది. ఎక్కడ దాచుకున్నాడో ఆ టోపీలోనే పెట్టి, ఆయనతో పాటే మట్టిలోకి పంపించేశాను, అంది పిన్ని. కోపం రాలేదా అంది. వచ్చింది, కానీ అప్పుడు ఇంటినిండా జనం, అందరికీ కాఫీలివ్వాలి, అంది. ఇట్సెల్ కళ్ళజోడు పైకి తోసుకుని ఆలోచించింది. నాకు ఆ చూపు తెలుసు, లైబ్రరీలో ముప్ఫై ఏళ్ళలో పదిసార్లు చూసి ఉంటాను, ఆ చూపున్న పిల్ల అసలు ప్రశ్న అడగకుండా పోదు.

"మరి అది పనిచెయ్యలేదని తెలిశాక కూడా అందరికీ ఉత్తరాలు ఎందుకు రాశారు?"

పిన్ని సంచి ఒక చేతిలోంచి ఇంకో చేతికి మార్చుకుంది.

"అప్పటికి మిగతావాటికి జవాబులు వచ్చేశాయమ్మా," అంది. "ఇక మానడమెలా?"

పిల్లలు నవ్వారు, ఎందుకో తెలియకుండానే, ఆమె కూడా నవ్వింది, ఐదు నెలల తర్వాత నేను చూసిన నవ్వు. బస్సు బయట హారన్ కొట్టింది. సంతకాల కోసం పిల్లలు బల్ల వైపు తోసుకొస్తుంటే నేను కలం తీశాను, కానీ ఇట్సెల్ నన్ను దాటి వెళ్ళి పిన్ని ముందు పుస్తకం తెరిచింది, మొదటి పేజీ కాదు, పద్నాలుగో అధ్యాయం చివర, సగం ఖాళీగా ఉన్న పేజీ. అసలు జరిగింది ఇక్కడ రాయండి, అంది. పిన్ని నా వైపు చూసింది, అడుగుతున్నట్టు. నా పుస్తకం, నా అనుమతి కావాలి కాబోలు ఆమెకి. నేను వెళ్ళి కలం ఇచ్చాను. ఇంగ్లీషులోనా, స్పానిష్‌లోనా, అని ఇట్సెల్‌ని అడిగింది. రెండూ, అంది ఇట్సెల్. పిన్ని సంచిలోంచి కళ్ళజోడు తీసి పెట్టుకుంది, ఆ పిల్లల కుర్చీలో మళ్ళీ కూర్చుంది. మిగతా పిల్లలు వెనక వరస కట్టారు, అందరూ అదే పేజీ తెరిచి పట్టుకుని. హారన్ కొట్టీ కొట్టీ డ్రైవరు లోపలికొచ్చి, కాసేపు చూసి, చివరి వరసలో ఒక చిన్న కుర్చీలో ఇరుక్కుని కూర్చున్నాడు. పిన్ని ఒళ్ళో పుస్తకం జారుతోంది, పేజీ కదులుతోంది. నేను నేల మీద కూర్చుని ఆమె ఒళ్ళో పుస్తకాన్ని రెండు వైపులా గట్టిగా పట్టుకున్నాను. అదే తొమ్మిదేళ్ళ పిల్ల దస్తూరి, గుండ్రంగా, గీత తప్పకుండా, తలకిందులుగా కనబడుతున్న అక్షరాలని ఒక్కొక్కటే చదువుకున్నాను.

మా నాన్నకి భయం. ఆదివారాలు తవ్వాడు.